పాత ఆయిల్ మీద పడ్డ అపనింద

“డేటైపోయిన ఆయిల్ విషంతో సమానమండీ. ఇంజన్లో పోస్తే సీజైపోద్ది. ఇక్కడ వదిలెయ్యండి, పారబోసే సంగతి మేం చూసుకుంటాం.”

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు, తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక వర్క్‌షాపు యజమాని నాతో అన్న మాట ఇది. నాన్న పోయాక మెట్లకింద గది తెరిస్తే అయిదు లీటర్ల ఇంజన్ ఆయిల్ డబ్బాలు ఏడు కనిపించాయి. ఒక్కదానికీ మూత తియ్యలేదు. తయారైన నెల మే 2017 అని అచ్చేసి ఉంది. ట్రాక్టర్‌కీ, చేలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌కీ కలిపి ఒక్కసారే కొనిపెట్టుకోవడం ఆయన అలవాటు. వాటి వెనక ఎప్పటిదో ఒక తగరపు డబ్బా. పశువుల చావిడి పక్కన, చూరు కింద, అడుగున మూడోవంతు ఆయిల్ మిగిలిన పీపా. గూట్లో పేరూ ఊరూ లేని రెండు క్యాన్లు.

ఆ సాయంత్రమే మరో రెండు తీర్పులు వచ్చాయి. మా బావమరిది, “ఎందుకు బావా ఈ తలనొప్పి, చీకటిపడ్డాక కాలవలో ఒంపేద్దాం” అన్నాడు. పక్కింటి పెదనాన్న నవ్వేసి, “ఆయిల్ పాడవడమేంట్రా అబ్బాయ్! కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నప్పుడు పాడవనిది ఎనిమిదేళ్లు గదిలో ఉంటే పాడవుద్దా?” అన్నారు.

ముగ్గురూ పొరబడ్డారు. అయితే మొదటి ఆయన మాట మిగతా ఇద్దరి మాటల్లాంటిది కాదు. అది ఇప్పుడు ఊరూరా చలామణీ అవుతోంది. స్పేర్ పార్టుల కొట్లలో అంటున్నారు, సర్వీసు సెంటర్లలో అంటున్నారు. చదువుకున్నవాళ్లూ నమ్మి, శుభ్రమైన సరుకును డ్రెయినేజీలో పోస్తున్నారు. అందుకే దాన్ని ఊరికే వదలకుండా ఒక్కో ముక్కా తీసి చూడాలనుకున్నాను.

ముందు ఒక మాట. తెలుగులో ‘పాత ఆయిల్’ అని రెండు వేరువేరు వస్తువుల్ని పిలుస్తున్నాం. ఇంజన్లోంచి దించిన నల్లటి ఆయిల్ పాత ఆయిలే, మూత తియ్యకుండా బీరువాలో ఉండిపోయిందీ పాత ఆయిలే. మొదటిది మసీ, ఆమ్లాలూ, అరిగిన లోహపు రజనూ కలిసిన వ్యర్థం. గుడ్డలో వడకట్టినా, ఎండలో తేర్చినా అది మళ్లీ ఇంజన్ ఆయిల్ అవదు. దాన్ని తిరిగి పొయ్యమని ఎవరు చెప్పినా వినకండి. రెండోది నిలవ సరుకు. పాత బియ్యాన్నీ పాచిపోయిన అన్నాన్నీ మనం ఒకే మాటతో పిలవం. ఆయిల్ దగ్గర మాత్రం పిలుస్తున్నాం. గొడవలో సగం అక్కడే పుట్టింది. ఈ వ్యాసంలో నేను మాట్లాడేది నిలవ ఆయిల్ గురించి మాత్రమే.

ఇక ‘డేటైపోయింది’ అన్న ముక్క. డబ్బా మీద ఉన్నది తయారైన నెలా, సంవత్సరం. మన దేశంలో ప్యాకెట్లలో అమ్మే సరుకుల మీద తయారీ నెలా ఏడూ ముద్రించాలని తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. మందుబిళ్లల అట్ట మీద ఉండే గడువు తేదీ లాంటిది కాదది. ‘2017’ అన్న అంకె చూసి ‘అప్పటికే అయిపోయింది’ అని చదవడం పుట్టినరోజును వర్ధంతిగా చదవడమే. నాతో మాట్లాడిన వర్క్‌షాపు యజమాని వేలు పెట్టి చూపించిన తేదీ అదే.

మరి ఆయిల్‌కి గడువే లేదా అంటే, ఉంది, మరో రకంగా. మూత తియ్యని ఇంజన్ ఆయిల్‌కి చాలా కంపెనీలు సుమారు 4, 5 ఏళ్ల నిలవ కాలం చెబుతాయి. నీడలో, పొడిగా, మరీ వేడెక్కని చోట ఉంచితే అన్న షరతు దానికి ఎప్పుడూ వెంట ఉంటుంది. ఆ లెక్క అర్థం, అప్పటిదాకా సరుకుకి మాది పూచీ అని. ఆ గడువు ముగిసిన రాత్రి డబ్బాలో ఏ మార్పూ జరగదు. కంపెనీ పూచీ తీరి, చూసుకుని వాడే బాధ్యత మన మీదికి వస్తుంది, అంతే. నాన్న డబ్బాలు ఎనిమిదేళ్లవి. వాటికి ఏ కంపెనీ పూచీ పడదు. ఈ సంగతి నేను దాచడం లేదు. పూచీ లేని ప్రతి వస్తువూ విషం అనడాన్నే ఒప్పుకోను.

రెండో వాదన కాస్త తెలివైనది. “ఇంజన్లో పోసిన ఆయిల్‌ని బండి తిప్పినా తిప్పకపోయినా ఆర్నెల్లకో ఏడాదికో మార్చమంటారు గదా. ఇంజన్లో ఏడాదికి పాడయ్యేది డబ్బాలో ఎనిమిదేళ్లు ఎలా ఉంటుంది?” వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ వాదన చేసేవాళ్లు ఇంజన్లో ఆయిల్ పడే పాట్లు ఏమిటో చూడడం లేదు.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై బయటికొస్తుంది. సైలెన్సర్ చివర చలికాలం ఉదయాన కారే చుక్కలు అవే. ఆ ఆవిరిలో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్లో చేరుతుంది. దాంతోపాటు కాలని ఇంధనం, మసి, ఆమ్లాలుగా మారే వాయువులూ చేరతాయి. రింగుల దగ్గర వేడి 200 డిగ్రీలు దాటుతుంది. అడుగున సంపులో మామూలుగా 90, 100 డిగ్రీలుంటుంది. చిక్కదనాన్ని నిలబెట్టడానికి కలిపిన పొడవాటి పాలిమర్ గొలుసులు గేర్ల పళ్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగిపోతుంటాయి. ఆమ్లాల్ని విరిచే క్షార లవణాలు ఆ పని చేస్తూ చేస్తూ ఖర్చయిపోతాయి. బండిని ఊరికే నిలబెట్టినా లోపల చేరిన నీరూ ఆమ్లమూ తమ పని ఆపవు. అందుకే కిలోమీటర్లు తిరక్కపోయినా కాలాన్ని బట్టి మార్చమంటారు. ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది. అది ఇంజన్లో పోసిన ఆయిల్‌కి చెప్పిన సలహా.

సీలు వేసిన డబ్బాలో వీటిలో ఏదుంది? మంట లేదు, మసి లేదు, నలుగుడు లేదు. కాస్త గాలి ఉంది, గది వేడి ఉంది. గాలిలోని ఆక్సిజన్‌తో ఆయిల్ కలిసి చెడడం నిజమే. ఆ వేగం వేడిని బట్టి మారుతుంది. పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు అన్నది రసాయన శాస్త్రంలో అందరూ వాడే మోటు లెక్క. అలా చూస్తే 100 డిగ్రీల సంపులో జరిగేదానికీ 30 డిగ్రీల గదిలో జరిగేదానికీ తేడా నూట ఇరవై ఎనిమిది రెట్లు. పైగా ఆ చెడుగుని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్లు ఆయిల్లోనే కలిపి ఉంటాయి. మెట్లకింద చల్లటి చీకటి గదిలో ఎనిమిదేళ్లు గడిపిన ఆయిల్‌ని ఇంజన్లో ఎనిమిది నెలలు నలిగిన ఆయిల్‌తో పోల్చడం అన్యాయం.

వేడి సంగతి ఎత్తాను గనక ఒకటి చెప్పాలి. మెట్లకింద గది వేరు, రేకుల షెడ్డు వేరు. రెంటచింతల, రామగుండం ఎండల్లో బయటే 45 డిగ్రీలు దాటితే, రేకుల కింద అటక మీద పెట్టిన డబ్బా అంతకంటే ఎక్కువే కాగుతుంది. ఒకే రోజు తయారై, ఒకే కొట్లో కొన్న రెండు డబ్బాలు పెట్టిన చోటును బట్టి వేరువేరు వయసులకు చేరతాయి. ఎన్నేళ్లయిందని అడిగేవాళ్లు ఎక్కడ పెట్టారని ఎందుకు అడగరు?

మూడో వాదన: “అందులో కలిపిన మందులన్నీ అడుక్కి దిగిపోతాయి. పైన ఉత్త నూనె మిగుల్తుంది.” దీనిలో కొంత నిజం ఉంది కాబట్టి తొందరపడి కొట్టిపారెయ్యను. ఇంజన్ ఆయిల్లో సుమారు 10 నుంచి 25 శాతం దాకా ఇలాంటి కలుపులే. మలినాల్ని కడిగేవి, మసిని పేరుకోనివ్వనివి, అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం, చిక్కదనం నిలిపే పాలిమర్లు. వీటిలో చాలా భాగం ఆయిల్లో కరిగి ఉంటాయి, లేదా కంటికి కనిపించనంత సన్నగా పరుచుకుని ఉంటాయి. పాలల్లో మీగడలా తేలేవో, మజ్జిగలో తేటలా విడిపోయేవో కావవి. ఒకటి మాత్రం నిజంగా కరగదు. నురగను అణిచే సిలికోన్ ద్రవం. అతి సన్నటి బిందువులుగా మాత్రమే ఉండే అది ఏళ్లు గడిస్తే విడివడి దిగవచ్చు. అప్పుడు ఆయిల్ నురగ ఎక్కువ కడుతుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి బేరింగును కాపాడలేదు. అందుకే నిలవ డబ్బాని తెరిచేముందు రెండు మూడు నిమిషాలు బాగా కుదపాలి. కుదిపాక గాజు గ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి చూడాలి. తేటగా ఉంటే, రేగిన నురగ కాసేపట్లో అణిగిపోతే, అడుగున జిగురుగానీ ముద్దగానీ లేకపోతే అది పనికొచ్చే ఆయిలే. కుదిపినా విడని జిగురుంటే, మబ్బు పట్టినట్టుంటే, కిరోసిన్ వాసనో పుల్లటి వాసనో వస్తే అది రెండేళ్లదైనా సరే పోయొద్దు. రంగు కాస్త ముదిరినంత మాత్రాన బెంగపడనక్కర్లేదు.

పీపాల లెక్కన నిలవ ఉన్నవాళ్లు కంటిచూపుతో ఆగకూడదు. చిక్కదనం, ఆమ్లత్వం, నీటి శాతం కొలిచి చెప్పే లూబ్రికెంట్ పరీక్షశాలలున్నాయి. లీటరు డబ్బాకి ఆ ఖర్చు దండగ. రెండు వందల లీటర్ల పీపాకి మాత్రం ఆ ఖర్చు పెట్టి తీరాలి.

పీపా అన్నాను గదా, నిలవ ఆయిల్‌కి అసలు శత్రువు ఉండేది అక్కడే. నాన్న పీపా చావిడి పక్కన నిటారుగా నిలబెట్టి ఉంది. మూత బిగించే ఉంది. మా బావమరిది గట్టి నమ్మకం కూడా అదే, “బిగించిన మూతలోంచి నీళ్లెలా పోతాయి బావా?” అని. పోతాయి. ఎండకి పీపాలో గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి కొంచెం బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక, లేదా ఒక్కసారిగా వానపడ్డాక, లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి లోపలికి పీలుస్తుంది. నిటారు పీపా నెత్తిన అంచు ఉంటుంది గనక వాననీళ్లు మూత చుట్టూ మడుగులా నిలుస్తాయి. పీల్చినప్పుడు వెళ్లేది ఆ నీరే. పీపా ఊపిరి తీస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లు అంటారు. రోజుకో చుక్క చొప్పున నాలుగు వానాకాలాలు పోతే ఎన్ని నీళ్లో ఊహించుకోండి. అందుకే బయట ఉంచక తప్పకపోతే పీపాని పడుకోబెట్టాలి. రెండు మూతలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోటికి వచ్చేలా అమర్చాలి. నిండు పీపా అయితే అప్పుడు మూతలు లోపలి వైపు ఆయిల్లో మునిగి ఉంటాయి, గాలిని పీల్చవు. కనీసం వాలుగా నిలబెట్టి, నీరు మూతల దగ్గర నిలవకుండా చూడాలి. నీడలో ఉంచగలిగితే మరీ మంచిది.

మా పీపాలోంచి తీసిన ఆయిల్ పలచటి కాఫీలా మసకగా ఉంది. నీరు కలిసిందని చూడగానే అనుమానం వచ్చింది. రుజువు కోసం ఇనప పెనం వేడిచేసి, దూరంగా నిలబడి, ఒక్కటంటే ఒక్క చుక్క వేశాను. తాలింపులో ఆవాల్లా చిటపటలాడింది. శుభ్రమైన ఆయిల్ చుక్క పెనం మీద నిశ్శబ్దంగా పరుచుకుంటుంది. నీరుంటే చిట్లుతుంది. వెయ్యింట ఒక వంతు నీరున్నా ఈ పరీక్షలో బయటపడుతుంది. కళ్లకి అడ్డం పెట్టుకోకుండా, పిల్లల్ని దగ్గరుంచుకుని ఇది చెయ్యొద్దు, ఒక చుక్కకి మించి వెయ్యొద్దు. నీరు కలిసిన ఆయిల్ బేరింగుల్లో పలచబడుతుంది, తుప్పు పట్టిస్తుంది, కలిపిన మందుల్ని విరిచేస్తుంది. ఆ పీపా ఆయిల్ నాన్న చివరిగా కొన్నది. గదిలో డబ్బాల కంటే రెండేళ్లు చిన్నది. వయసుని బట్టి తీర్పు చెప్పేవాళ్లు దాన్ని మంచిదనేవాళ్లు!

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగినప్పుడు బళ్లన్నీ నీళ్లలో నానడం అందరం చూశాం. ఇంజన్లో ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చెయ్యొద్దని మెకానిక్కులు చెప్పారు, మంచి మాటే. అలా మునిగిన ఇంట్లో ఉన్న ఆయిల్ డబ్బాల గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. మూత కింద అతికించే రేకు సీలు చెక్కుచెదరకుండా ఉంటే పైన తుడుచుకుని వాడొచ్చు. ఒకసారి మూత తీసి, మళ్లీ బిగించిన డబ్బా వరదలో మునిగితే, నిన్న కొన్నదైనా పక్కన పెట్టాల్సిందే.

మూత తీసిన డబ్బాల సంగతి వరద లేకపోయినా అంతే అనుమానం. సగం పోసి, మూత పోతే గుడ్డపేలిక కుక్కి, కొట్టంలో మూల పెట్టడం మన ఇళ్లలో మామూలు. ఆ పేలిక మీదుగా దుమ్మూ, ఊకా, చెమ్మా అన్నీ దిగుతాయి. సన్నటి ఇసుక రేణువు బేరింగుకి చేసే హాని ముందు ఎనిమిదేళ్ల వయసు ఏపాటిది? ఇక పేరులేని క్యాన్లు. మా గూట్లో ఉన్న రెంటిలో ఒకటి పురుగుమందు క్యాను. లోపల ఉన్నది ఇంజన్ ఆయిలా, హైడ్రాలిక్ ఆయిలా, గేర్ ఆయిలా, కడిగీ కడగని మందుతో కలిసినదా, ఎవరికి తెలుసు? నాన్నకి తెలిసి ఉంటుంది. ఆయన లేరు. ఏమిటో తెలియనిదాన్ని ఇంజన్లో పోసే హక్కు నాకు లేదనుకుని రెండూ పక్కన పెట్టేశాను.

ఇక్కడో చిన్న పక్కదారి, కానీ ప్రాణాలకు సంబంధించినది. మనం అన్నిటినీ ‘ఆయిల్’ అనే అంటాం. బ్రేక్ ఆయిల్ నిజానికి నూనె కాదు. మన బళ్లలో మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమని పీల్చుకునే గ్లైకాల్ ద్రవాలు. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నాలుగు శాతం లోపు నీరు చేరితే చాలు, ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాగినప్పుడు లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోయేది ఇందువల్లే. కాబట్టి ‘మూత తీసిన పాతది పారెయ్యండి’ అన్న మాట బ్రేక్ ఆయిల్‌కి అక్షరాలా వర్తిస్తుంది. ఇంజన్ ఆయిల్ మోస్తున్న చెడ్డపేరులో కొంత దీనిదేనేమోనని నా అనుమానం.

ఇక పెదనాన్నగారి మాట. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నది ముడిచమురు. గాలి తగలని చోట, రాతి పొరల మధ్య ఉన్నది. డబ్బాలోకి వచ్చింది దాన్ని శుద్ధి చేసి, విడగొట్టి, పది రకాల మందులు కలిపి తయారుచేసిన సరుకు. సింథటిక్ ఆయిళ్లలో కొన్ని అయితే కర్మాగారంలో చిన్న అణువుల్ని కూర్చి కట్టినవి, నేరుగా తోడి తెచ్చినవి కావు. మట్టికి ఎంత వయసుందో చెప్పి కుండ పగలదంటే ఎలా? పెదనాన్న మాట ధైర్యాన్నిస్తుంది, కారణాన్నివ్వదు. ఆ ధైర్యంతో ఆయన వెళ్లి తగరపు డబ్బా తెచ్చారు. “ఇది చూడు, సీలు కూడా పోలేదు. మీవాడి కొత్త కార్లో పొయ్యి” అన్నారు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ డబ్బాలో ఆయిల్ బహుశా చెడిపోయి ఉండదు. భయం అందుకు కాదు. డబ్బా మీద ‘ఎస్‌సీ/సీసీ’ అని ఉంది.

ఈ అక్షరాల గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఎందుకంటే నిలవ ఆయిల్ గురించిన తగాదాలో ఎవరూ వీటి ఊసెత్తరు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోలు ఇంజన్ల ఆయిళ్లకి ‘ఎస్’తో, డీజిల్ ఇంజన్ల ఆయిళ్లకి ‘సీ’తో మొదలయ్యే తరగతులిస్తుంది. రెండో అక్షరం ముందుకి వెళ్లేకొద్దీ తరం కొత్తది. ‘ఎస్ఏ’ అంటే మందులేవీ కలపని ఉత్త నూనె. 1930 తర్వాతి కార్లలో దాదాపు వేటికీ పనికిరాదు. ‘ఎస్‌సీ’ 1967 దాకా వచ్చిన ఇంజన్ల కోసం. ‘ఎస్ఎఫ్’ 1988 దాకా. ‘ఎస్ఎల్’ 2001లో, ‘ఎస్ఎన్’ 2010లో, ‘ఎస్‌పీ’ 2020లో వచ్చాయి. డీజిల్ వైపు ‘సీఎఫ్-4’ 1990లో, ‘సీఐ-4’ 2002లో, ‘సీకే-4’ 2016 చివర్లో. ప్రతి అక్షరం వెనకా ఇంజన్లలో వచ్చిన ఒక మార్పుంది, అంతకుముందు ఆయిల్ తట్టుకోలేకపోయిన ఒక ఇబ్బంది ఉంది.

ఇప్పటి చిన్న టర్బో పెట్రోలు కార్ల సంగతే తీసుకోండి. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు, స్పార్క్ పడకముందే సిలిండర్లో మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటి ఈ ఇంజన్లలో బయటపడింది. ఒక్క దెబ్బకి పిస్టన్ పగలొచ్చు. ఆయిల్లో కడిగే మందుగా వాడే కాల్షియం లవణాలు ఎక్కువగా ఉంటే ఆ ముప్పు పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ‘ఎస్ఎన్ ప్లస్’, తర్వాత ‘ఎస్‌పీ’ వచ్చాయి. 2012లో తయారై, చల్లటి గదిలో చెక్కుచెదరకుండా ఉన్న మంచి ‘ఎస్ఎన్’ ఆయిల్‌ని అలాంటి కార్లో పోస్తే తప్పు ఆయిల్‌ది కాదు, వయసుది కాదు. ఆ ఇంజన్ అడిగింది ఆ డబ్బాలో ఎప్పుడూ లేదు, తయారైన రోజున కూడా లేదు.

డీజిల్ కార్లదీ అదే కథ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ చేరింది. పట్టిన మసిని అది కాల్చుకోగలదు. ఆయిల్లోని లోహపు లవణాల బూడిదని కాల్చుకోలేదు. బూడిద ఎక్కువయ్యే పాతకాలపు ఆయిల్ పోస్తూ పోతే ఫిల్టర్ మూసుకుపోతుంది, దాన్ని మార్చడం చాలా ఖర్చుతో కూడిన పని. అలాంటి బళ్లకి తక్కువ బూడిద ఆయిలే పొయ్యాలి. మోటర్‌సైకిళ్ల సంగతి మరోలా ఉంటుంది. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి కాబట్టి డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని ఉండాలి. ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే మందు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఆ ఆయిల్ నిన్ననే తయారైనా జారుతుంది.

వర్క్‌షాపు యజమాని నా డబ్బాల మీద తేదీ చూపించాడు. దాని పక్కనే ఉన్న ‘20డబ్ల్యూ-40, సీఎఫ్-4’ అన్న అక్షరాల్ని చూడలేదు. నాన్న ట్రాక్టర్ తొంభైల నాటిది. దాని పుస్తకం అడిగేది 20డబ్ల్యూ-40 చిక్కదనం, ‘సీడీ’ తరగతి. ‘సీడీ’ అడిగిన చోట ‘సీఎఫ్-4’ వాడొచ్చని ఆ తరగతి నిర్వచనంలోనే ఉంది. అంటే ఆ ఏడు డబ్బాలూ ఆ ట్రాక్టర్ అడిగినదాని కంటే ఒక మెట్టు పైనే ఉన్నాయి. అవే డబ్బాలు మా అబ్బాయి కొత్త కారుకి కొత్తగా ఉన్నప్పుడూ పనికొచ్చేవి కావు. వారంటీలో ఉన్న బండికైతే నిలవ ఆయిల్ ఊసే వద్దని నేనే చెబుతాను. అక్కడ మిగిలే నాలుగు వందల కోసం లక్షల ఇంజన్‌ని పణం పెట్టకూడదు. ఒకే ఆయిల్, ఒకే తేదీ, ఒక ఇంజన్‌కి మందు, మరోదానికి చేటు. “పాత ఆయిల్ వాడొచ్చా?” అని అడిగితే ఏ బండికని ఎదురడగకుండా జవాబిచ్చేవాళ్లను నమ్మకండి, అవునన్నా, కాదన్నా.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం ‘పారబోయండి’ అన్న మాట. ఎక్కడ పారబోస్తారు? మా బావమరిది చూపించిన కాలవ కింద ఊళ్లకి అదే తాగునీరు, చెరువుల్లో నింపుకునేదీ అదే. ఒక్క కారు నుంచి ఒక్కసారి దించిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచెయ్యగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. అది వాడేసిన ఆయిల్ లెక్క, వాడని ఆయిల్ అంత విషపూరితం కాకపోవచ్చు. అయినా నీటి మీద పొరలా పరుచుకుని గాలిని అడ్డుకునే పని రెండూ ఒకేలా చేస్తాయి. మన దేశంలో వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదార్ల మీద పెట్టే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒకవైపు వాడేసిన ఆయిల్‌నే మళ్లీ శుద్ధి చేయించాలని దేశం పాటుపడుతుంటే, ఒక్క చుక్క వాడని ఆయిల్‌ని తేదీ పేరు చెప్పి మురుక్కాలవలో పోయించేవాళ్లు చేస్తున్నది చిన్న తప్పు కాదు. ముడిచమురు కోసం మనం ఎక్కువగా విదేశాల మీదే ఆధారపడ్డామన్న సంగతైనా గుర్తుండాలి.

‘మాకు వదిలెయ్యండి’ అన్న ఆ వర్క్‌షాపు వాళ్లు నా ముప్పై అయిదు లీటర్లని నిజంగా పారబోసేవాళ్లో లేదో నేను చెప్పను, చూడలేదు గనక. నేను వదల్లేదు, అంతే. మెకానిక్కులందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పెనం పరీక్ష నాకు నేర్పింది కూడా ఒక మెకానిక్కే, గుంటూరులో నలభై ఏళ్లు డీజిల్ పంపులు విప్పిన మనిషి. ఖాళీ డబ్బాల్ని కోసి మరీ పారెయ్యమని, లేకపోతే వాటిలో నకిలీ సరుకు నింపి అమ్ముతారని చెప్పిందీ ఆయనే. ఆ సలహాతో ఇంకోటి అర్థమైంది. కొట్లో దొరికే ‘పాత స్టాకు’ చౌకగా ఇస్తామంటే అసలు భయపడాల్సింది వయసుకి కాదు. అది ఎవరు నింపిన డబ్బానో చూసుకోవాలి.

చివరికి చేసిందేమిటంటే, పీపా ఆయిల్‌నీ పేరులేని రెండు క్యాన్లనీ మా మండలంలో వాడేసిన ఆయిల్ పోగుచేసి శుద్ధి కర్మాగారానికి పంపే వ్యాపారికి ఇచ్చాను. పురుగుమందు క్యాను సంగతి విడిగా చెప్పి మరీ ఇచ్చాను, మిగతాదానితో కలపొద్దని. ఏడు డబ్బాల్లో ఒకటి కుదిపి, గ్లాసులో పోసి చూసి, పెనం మీద చుక్క వేసి, ట్రాక్టర్లో పోశాం. మామూలుగా 250 గంటలకి మార్చేదాన్ని ఈ మొదటిసారి సగానికే, 125 గంటలకి దించి చూశాను. ముద్ద లేదు, అడుగున రజను లేదు, ఫిల్టర్ శుభ్రంగా ఉంది. రెండో డబ్బా పోశాం. నాట్ల ముందు దమ్ములన్నీ దానితోనే అయ్యాయి. మూడోది ఆయిల్ ఇంజన్‌కి వెళ్లింది. మిగిలిన నాలుగింటి మీదా, తెరిచే ముందు ప్రతిదాన్నీ విడిగా చూడాలని మా తమ్ముడు పెద్ద అక్షరాలతో చీటీ రాసి అంటించాడు.

తగరపు డబ్బా మాత్రం తెరవలేదు. దాన్ని అడిగే ఇంజన్ మా ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు.